పెరటి కోళ్ళలో శుద్ధ జాతి నిర్ధారణ: అసీల్ కోడి చెప్పే పాఠం

‘అసీల్’ అనే అరబ్బీ మూలపదానికి ‘అసలైన, మేలు వంశానికి చెందిన’ అని అర్థం. అయితే ఈ పేరుతో గ్రామాలలో చెలామణి అవుతున్న ప్రతి కోడీ శుద్ధ జాతికి చెందినదని భావించలేము. వనరాజా, గ్రామప్రియ వంటి అభివృద్ధిపరచిన రకాలు పెరళ్ళలో నాటుకోళ్ళతో కలిసి తిరుగుతున్నందున, రైతు ప్రమేయం లేకుండానే సంకరణం జరిగే అవకాశం ఉన్నది. సంకర పుంజును శుద్ధమైనదిగా పొరబడి జాతి సంరక్షణ మందలో చేర్చినట్లయితే, ఆ పొరపాటు తరతరాలకు సంక్రమిస్తుంది.

ఈకల రంగు ఆధారం కాదు

కోస్తా జిల్లాలలో పెంపకందారులు ఈకల రంగును బట్టి పుంజులను కాకి, సేతువ, డేగ, నెమలి అని పిలుస్తారు. ఇవి వేర్వేరు జాతులు కావు, రంగు భేదాలు మాత్రమే. రంగు కంటే శరీర నిర్మాణం మెరుగైన సూచిక. నిటారైన నిలకడ, పొడవైన మెడ, బలమైన కాళ్ళు, శరీరానికి అంటుకొని ఉండే గట్టి ఈకలు, చిన్న బఠానీ తురాయి, దాదాపు కనిపించని తమ్మెలు అసీల్ ముఖ్య లక్షణాలు.

కంటికి కనిపించని సంకరం

ఈ లక్షణాలు ఉన్నప్పటికీ శుద్ధత నిరూపితం కాదు. బఠానీ తురాయి బహిర్గత లక్షణం. రంపపు పళ్ళ వంటి ఒంటి తురాయి అంతర్గత లక్షణం. అందువల్ల శుద్ధ అసీల్ పుంజుకు, ఒంటి తురాయి గల పెట్టకు పుట్టిన మొదటి తరం పిల్లలన్నింటికీ బఠానీ తురాయే వస్తుంది. కాకపోతే అది కొంత పెద్దదిగా ఉండవచ్చు. మధ్యప్రదేశ్‌కు చెందిన కడక్‌నాథ్ విషయంలోనూ ఇదే చిక్కు ఎదురవుతుంది. కడక్‌నాథ్ పుంజును తెల్లకాళ్ళ పెట్టతో జతపరచినప్పుడు, లింగ సహలగ్న జన్యువు ప్రభావం వల్ల పుట్టిన పెట్టలకు నల్లని చర్మం వస్తుంది. చర్మం నల్లగా ఉన్నా వాటిలో కడక్‌నాథ్ వారసత్వం సగమే.

సంకర సంతతిని వరుసగా అసీల్‌తోనే జతపరచినప్పుడు అసీల్ వారసత్వం సగటున 50, 75, 87.5 శాతంగా పెరుగుతుంది. మూడవ దశలోని పక్షి చూపులకు అసీల్ వలెనే ఉన్నప్పటికీ, ఎనిమిదవ వంతు పరాయి వారసత్వాన్ని మోస్తూ ఉంటుంది.

సంతతి ద్వారా పరీక్ష

అనుమానం ఉన్న పుంజును ఒంటి తురాయి గల పెట్టతో జతపరచి పరీక్షించవచ్చు. పాత పుంజు వీర్యం పెట్టలో నిలువ ఉండే అవకాశం ఉన్నందున, ముందుగా ఆ పెట్టను కనీసం 3 వారాలపాటు పుంజులకు దూరంగా ఉంచాలి. పుంజులో ఒంటి తురాయి జన్యువు దాగి ఉన్నట్లయితే, పిల్లలలో సుమారు సగానికి ఒంటి తురాయి వస్తుంది. అటువంటి పిల్ల ఒక్కటి పుట్టినా సంకరం రుజువైనట్లే. దాగి ఉన్న జన్యువు గల పుంజుకు వరుసగా 7 పిల్లలూ బఠానీ తురాయితోనే పుట్టే సంభావ్యత 128లో 1 మాత్రమే. ఈ పిల్లలను ప్రజననానికి వాడరాదు. ఇది ఒక్క జన్యువుకు సంబంధించిన పరీక్ష మాత్రమేనని, జాతి మొత్తం శుద్ధతకు ధ్రువపత్రం కాదని విద్యార్థులు గుర్తించాలి.

పొదుగు గుణం కూడా పరిశీలించదగినది. అసీల్ పెట్టలు శ్రద్ధగా పొదుగుతాయి. వనరాజా వంటి రకాలలో ఈ గుణం చాలావరకు లోపించింది. అయితే ఇతర నాటు పెట్టలు కూడా పొదుగుతాయి కనుక ఇది సహాయక ఆధారమే.

విస్తరణ శాస్త్రవేత్తల కర్తవ్యం

ఒక్క పక్షిని చూసి తీర్పు చెప్పడం కంటే మందను, తల్లిదండ్రులను, కనీసం రెండు ఈతల పిల్లలను పరిశీలించడం శ్రేయస్కరం. వంశ వివరాలు తెలియని పక్షిని ‘శుద్ధ అసీల్’ అని గాక ‘అసీల్ లక్షణాలు గల కోడి’ అని నమోదు చేయాలి. సంరక్షణ మందలకు ఎంపిక చేసే ముందు డీఎన్ఏ పరీక్ష చేయించడం మంచిది. ఇంటి అవసరానికి పెంచుకునే రైతుకు సంకరం నష్టం కాదు. శుద్ధ జాతి ధర చెల్లించి సంకర పుంజును కొన్న రైతుకు మాత్రం అది నష్టమే.