పడిసెమా, ఫ్లూ జ్వరమా, ఎలర్జీయా?

తొలకరి వానలు పడిన పిదపను, మరల సంక్రాంతి ముందు మంచు కురియు దినములలోను తుమ్ములు, దగ్గులు వినబడని యిల్లు మన గ్రామములలో అరుదు. ముక్కు కారినంతమాత్రమున అందఱికిని వచ్చినది ఒకే జబ్బని తలచి, అందఱును ఒకే మాత్ర మ్రింగుటయు, ఒకే సూది వేయించుకొనుటయు వాడుకయైనది. నిజమునకు ఈ తుముల వెనుక సామాన్యమగు పడిసెము ఉండవచ్చును, ఫ్లూ జ్వరము ఉండవచ్చును, లేక ఎలర్జీ ఉండవచ్చును. మొదటి రెండును ఒకరినుండి యొకరికి అంటుకొనునవి. మూడవది అంటుకొనదు. ఈ భేదము వైద్యునికి తెలిసినచో చాలునని పంచాయతీ సభ్యులు భావింపరాదు. ఫ్లూ వచ్చినపుడు గ్రామము చేయవలసిన పని వేఱు. ఎలర్జీతో పదిమంది బాధపడుచున్నపుడు చేయవలసిన పని వేఱు.

ఎలర్జీ యనగా నేమి? పుప్పొడి, ధాన్యపు దుమ్ము, బూజు వంటివి అనేకులకు ఏ హానియు చేయవు. కాని కొందఱి శరీరము వానిని శత్రువులుగా పొరబడి వానిపై పోరు సాగించును. అపుడు శరీరములో హిస్టమిన్ అను పదార్థము వెలువడి ముక్కును, కన్నులను చికాకుపఱచును. కనుకనే ఎలర్జీకి ముఖ్యమైన గుర్తు దురద. ముక్కు, కన్నులు, అంగిలి దురదపెట్టుట, వరుసగా తుమ్ములు వచ్చుట, నీటివలె పలుచగా ముక్కు కారుట దీని లక్షణములు. ఇందులో జ్వరము రాదు. మఱియొక గుర్తు కాలము. పడిసెము వారము పది దినములలో తగ్గిపోవును. ఎలర్జీ, కారణము ఎదుట నున్నంతకాలము వారముల తరబడి వేధించును. ఏటేటా అదే ఋతువులో వచ్చును. కళ్ళములో ధాన్యము తూర్పారబట్టునపుడు మొదలై, ఇంటికి వచ్చి స్నానము చేసిన పిదప ఉపశమించినచో అనుమానము ఎలర్జీ మీదనే పడవలెను.

పడిసెము మెల్లగా వచ్చును. ముందు గొంతు గరగరలాడును, తరువాత ముక్కు కారును. పెద్దలకు జ్వరము ఉండదు, లేదా స్వల్పముగా ఉండును. ఇది వైరసులవలన వచ్చునేకాని మంచులో తిరిగినంతనే వచ్చునది కాదు. (ఈ మాట మన యవ్వలు ఒప్పుకొనరు, వారితో వాదమెందుకు?) మూడు నాలుగు దినములకు చీమిడి పసుపుపచ్చగా మారినను భయపడ నక్కఱలేదు. అది పడిసెము సహజముగా నడచు తీరు. అందుకై యాంటీబయాటిక్ మందులు కొనుట ధనవ్యయమేకాక హానికరము కూడ. అవి బాక్టీరియాను చంపునుగాని వైరసులపై పనిచేయవు.

ఫ్లూ జ్వరము దండెత్తినట్లు వచ్చును. ఉదయము నాగలి పట్టినవాడు సాయంకాలమునకు మంచము పట్టును. తీవ్రమైన జ్వరము, ఒళ్ళు విఱిచినట్లు నొప్పులు, తలనొప్పి, పొడి దగ్గు, మిక్కిలి నీరసము దీని లక్షణములు. తుమ్ములు ఇందులో ప్రధానము కావు. 1918లో ఈ జబ్బే మనదేశమున లక్షలాది ప్రాణములను బలిగొన్నది. 2009లో క్రొత్త రూపమున మరల ప్రపంచమంతటను వ్యాపించినది. గర్భిణులు, వృద్ధులు, అయిదేండ్ల లోపు పిల్లలు, చక్కెరవ్యాధి, గుండెజబ్బు, ఉబ్బసము ఉన్నవారు దీనిని పడిసెమని ఉపేక్షింపరాదు. ఫ్లూకు ప్రత్యేకమైన మందు కలదు. అది మొదటి రెండు దినములలో ఆరంభించినచో ఎక్కువ గుణమిచ్చును. కనుక ఇట్టివారిని మొదటి దినముననే ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. ఆయాసము, ఛాతీ నొప్పి, మగత, పెదవులు నీలివర్ణమునకు తిరుగుట కనబడినచో ఎవరికైనను జాగు చేయరాదు. పిల్లలకు ఆస్పిరిన్ ఈయకూడదు. 2020 నుండి మనము ఎఱిగిన కోవిడ్ కూడ ఇవే లక్షణములతో రాగలదు. పరీక్ష చేయించిననే తెలియును.

ఆశా కార్యకర్త వచ్చి, ఫలానా వీధిలో పదిమంది తుమ్ముచున్నారని చెప్పినపుడు సభ్యుడు విచారింపవలసినవి కొన్ని కలవు. జ్వరము ఉన్నదా? దురద ఉన్నదా? ఎన్ని దినములాయెను? ఒకరి తరువాత ఒకరికి వచ్చినదా, లేక అందఱికి ఒకేచోట పనిచేయునపుడు వచ్చినదా? జ్వరముండి, ఇంటిలో ఒకరి తరువాత ఒకరు పడుచున్నచో అది అంటువ్యాధి. అట్టి యింటి పిల్లలను జ్వరము విడుచువఱకు బడికి, అంగన్‌వాడీకి పంపవలదని చెప్పవలెను. జ్వరము లేక దురద ఉన్నచో ఆ వీధిలో ఏమి పూచినదో చూడవలెను.

అచట తఱచుగా కనబడునది వయ్యారిభామ. దీనినే కాంగ్రెసు గడ్డి యందురు. అమెరికా ఖండమునకు చెందిన ఈ మొక్క 1950ల నడుమ పూణే ప్రాంతమున గుర్తింపబడి, పిదప దేశమంతటను ప్రాకినది. దీని పుప్పొడి పీల్చుటవలన తుమ్ములు, కొందఱికి ఉబ్బసము వచ్చును. ఆకు తగిలినచో చర్మముపై దద్దురులు లేచును. ఒక్కొక్క మొక్క వేలకొలది గింజలను రాల్చును. మొలచిన నెల దినములకే పూయనారంభించును గనుక, పూచిన పిదప కోయించుట సగము శ్రమ వృథా చేయుటయే. తొలకరి వాన తరువాత మూడు వారములలోగా, నేల తడిగా నున్నపుడు, వేళ్ళతో పెఱికించవలెను. పెఱుకువారికి చేతితొడుగులు, ముక్కునకు గుడ్డ పంచాయతీయే సమకూర్పవలెను. ఉబ్బసమున్న కూలీని ఈ పనికి పెట్టరాదు. పూయని మొక్కలను ఎరువుగుంటలో వేయవచ్చును, పూచినవానిని వేయరాదు.

ఎలర్జీ ఉన్నవారు వైద్యుని యడిగి మాత్రలు వాడుకొనవచ్చును. అయితే కొన్ని మాత్రలవలన నిద్రమత్తు కలుగును. అవి వేసికొన్న దినమున ట్రాక్టరు నడుపరాదు, నూర్పిడి యంత్రము వద్ద నిలువరాదు. ఊపిరితో పిల్లికూతలు వచ్చుచున్నచో అది తుమ్ముల జబ్బు దాటి ఉబ్బసమైనదని గ్రహించి వైద్యునివద్దకు పంపవలెను.