టైరు సరిగా ఎక్కితే ట్యూబు పేలదు

సైకిలు ట్యూబు ఢామ్మని పేలిందంటే, ఆ క్షణానికి అది టైరు బయటికి వచ్చేసి ఉందన్నమాట. టైరూ రిమ్మూ కలిసి అన్ని వైపులా మూసి ఉంచిన ట్యూబుకు ముల్లు గుచ్చుకుంటే గాలి బుస్సుమని పోతుంది, అంతే. దారిన పోయేవాళ్లు ఉలిక్కిపడేంత చప్పుడు రావాలంటే లోపలి గాలంతా ఒక్కసారిగా బయటపడాలి. టైరు అంచు రిమ్ము మీంచి లేస్తేనో, టైరు పక్కభాగం చిరిగితేనో తప్ప అలా జరగదు. 1981లో ‘ది బైసికిల్ వీల్’ పుస్తకం రాసిన అమెరికన్ ఇంజనీరు జాబ్‌స్ట్ బ్రాండ్ట్ సైకిలు తొక్కేవాళ్లకు పదే పదే చెప్పిన మాట ఇదే. అయినా పేలిన ట్యూబును పట్టుకుని సరుకు నాసిరకమని తిట్టడమే లోకరీతి.

నిజానికి ట్యూబుకు సొంత బలం లేదు. చక్రం నుంచి తీసి గాలి కొడితే నాలుగు పంపులకే ఒకచోట ఉబ్బి వంకర తిరుగుతుంది. గాలి కారిపోకుండా పట్టి ఉంచడం వరకే దాని పని. ఒత్తిడిని మోసేది టైరులోని దారాల అల్లిక. ఆ అల్లికను రిమ్ముకు పట్టి ఉంచేవి టైరు రెండు అంచుల్లో దాగి ఉన్న తీగలు. 40 మిల్లీమీటర్ల లావు టైరులో 60 పీఎస్ఐ గాలి ఉంటే, అంచులో ప్రతి సెంటీమీటరునూ సుమారు 8 కిలోల బరువుకు సమానమైన బలం బయటికి లాగుతుంటుంది. తీగ సాగదు గనుక అంచు కదలదు. అయితే అంచుకూ రిమ్ముకూ మధ్య రెండు వేళ్ల మేర ట్యూబు ఇరుక్కుంటే చాలు, అక్కడ అంచు తన చోట కూర్చోకుండా తేలిపోతుంది. ఆ సందులోంచి ట్యూబు బయటికి ఉబ్బుతుంది. బయట దాన్ని ఆపడానికి టైరు ఉండదు.

జాన్ బాయ్డ్ డన్‌లప్ 1888లో బెల్‌ఫాస్ట్‌లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్నప్పుడు టైరును చక్రానికి అంటించి వేసేవారు. పంక్చరు వేయాలంటే అదో పెద్ద పని. 1890లో చార్లెస్ కింగ్‌స్టన్ వెల్చ్ టైరు అంచులో తీగ పెట్టి, రిమ్ము మధ్యలో లోతైన గాడి ఇచ్చాడు. ఈనాటికీ మామూలు సైకిలు టైరు పనితీరు అదే. తీగ చుట్టు రిమ్ము బయటి అంచు కన్నా చిన్నది. మరి టైరు ఎక్కేదెలా అంటే, ఒక వైపు అంచు మధ్య గాడిలోకి దిగితే ఎదుటి వైపు ఆ మేరకు వదులు దొరుకుతుంది. టైరు ఎక్కించే కిటుకంతా ఈ గాడిలోనే ఉంది. ఇది తెలియనివాళ్లే స్క్రూడ్రైవరుతో పెళ్లగించి, కొత్త ట్యూబుకు అప్పటికప్పుడే చిల్లు పెడతారు.

ముందు కొలత చూడాలి. టైరు మీద 40-635 వంటి అంకెలు ఉంటాయి. మొదటిది టైరు లావు, రెండోది అంచు కూర్చునే చోట రిమ్ము వ్యాసం, రెండూ మిల్లీమీటర్లలో. పాలవాళ్లూ పేపరువాళ్లూ వాడే పాతకాలం 28 × 1½ సైకిలుది 635. ఇక 26 అంగుళాలు అన్న మాట ఒక్కదాన్నే నమ్ముకుంటే తంటానే: 26 × 1.95 టైరుకు 559, అదే 26 × 1⅜ అయితే 590. ఒకదాని రిమ్ముకు మరొకటి కుదరదు. ట్యూబు కూడా టైరుకు తగిన లావుది కావాలి. పెద్దదైతే లోపల మడతలు పడుతుంది, చిన్నదైతే సాగి పల్చనవుతుంది.

తర్వాత టైరు లోపలి భాగమంతా వేళ్లతో నెమ్మదిగా తడమాలి. పల్లేరు ముల్లో తుమ్మ ముల్లో విరిగి లోపలే ఉండిపోయి ఉంటే కొత్త ట్యూబు ఆ సాయంత్రానికే పంక్చరవుతుంది. రిమ్ము మీద పుల్లల నిప్పళ్లను కప్పే టేపు పక్కకు జరగకుండా, చిరగకుండా ఉందో లేదో చూడాలి. నిప్పలు దాటి పుల్ల మొన పొడుచుకు వచ్చి ఉంటే ఆకురాయితో అరగదీయాలి. టేపు ఖరీదు కొద్ది రూపాయలే. దాన్ని మార్చడానికి బద్ధకించి ట్యూబుకు అతుకుల మీద అతుకులు వేయించుకునేవాళ్లు బోలెడంత మంది.

ఇప్పుడు టైరు ఒక అంచును పూర్తిగా రిమ్ములోకి ఎక్కించాలి. ట్యూబుకు ఆకారం వచ్చేంత వరకే కాస్త గాలి కొట్టి, ముందుగా వాల్వును రంధ్రంలో పెట్టి, ఆపైన ట్యూబును మెలిక పడకుండా చుట్టూ సర్దాలి. ఈ కాస్త గాలి చాలా ముఖ్యం. గాలి లేని ట్యూబు రిబ్బనులా చదునుగా ఉండి అంచు కిందికి జారిపోతుంది.

రెండో అంచును ఎక్కడ మొదలు పెట్టాలన్న దగ్గరే ఎక్కువ మంది పొరబడతారు. వాల్వుకు సరిగ్గా ఎదుటి వైపు మొదలు పెట్టి, రెండు చేతులతో రెండు పక్కలా నొక్కుకుంటూ వచ్చి వాల్వు దగ్గర ముగించాలి. వాల్వు మొదట్లో ట్యూబుకు మందమైన రబ్బరు ఉండి, అక్కడ అంచును గాడిలోకి దిగనివ్వదు. అందుకే వాల్వు వైపు మొదలు పెడితే చివర్లో వదులు దొరకదు, బొటనవేళ్ల బలం చాలదు, చేతులు లివరు కోసం వెతుకుతాయి. చివరి జానెడు బిగుసుకుంటే, అప్పటికే ఎక్కిన భాగాన్ని మళ్లీ మధ్య గాడిలోకి నొక్కుతూ రావాలి, లేదా అంచుకు కాస్త సబ్బునీళ్లు రాయాలి. అంచు ఎక్కాక వాల్వును ఒకసారి టైరు లోపలికి నెట్టి వెనక్కి లాగాలి. దాని మొదట్లోని మందపు రబ్బరు అంచు కింద ఇరుక్కుని ఉంటే అప్పుడు విడివడుతుంది.

అసలు పరీక్ష తర్వాతే. టైరును రెండు చేతులతో ఒక పక్కకు నొక్కి రిమ్ముకూ టైరుకూ మధ్య సందులోకి తొంగి చూడాలి. చక్రం పొడవునా, రెండు పక్కలా చూడాలి. ఎక్కడైనా నల్లగా, మెరుస్తూ ట్యూబు కనిపించిందా, గాలి తీసి అక్కడ సర్దాలి. మొత్తానికి రెండు నిమిషాల పని. చాలా షాపుల్లో హడావిడిలో వదిలేసేది దీన్నే. తర్వాత సగం గాలి కొట్టి చక్రం తిప్పాలి. టైరు పక్కన, రిమ్ముకు కాస్త పైన సన్నని గీత చుట్టూ అచ్చుపోసి ఉంటుంది. అది అంతటా రిమ్ముకు ఒకే దూరంలో ఉంటే అంచు సరిగా కూర్చున్నట్టే. ఒకచోట లోపలికి మునిగినా, మరోచోట పైకి తేలినా గాలి తీసి సరిచేయాలి. అప్పుడే పూర్తి గాలి.

ఎంత గాలి అన్నది టైరు పక్కనే రాసి ఉంటుంది. అందులో గరిష్ఠ పరిమితిని దాటకూడదు. పెట్రోలు బంకులోనో మెకానిక్ దగ్గరో కంప్రెసరుతో కొట్టించుకునేటప్పుడు మరీ జాగ్రత్త. 28 అంగుళాల సైకిలు టైరులో పట్టే చోటు మూడు లీటర్ల లోపే. కారు టైరుకు అలవాటైన చెయ్యి ఒక్క క్షణం ఎక్కువ నొక్కిందంటే పరిమితి దాటిపోతుంది. చేతి పంపుతో అంత తేలిగ్గా అలా కాదు.

ఎండాకాలంలో ట్యూబులు పేలితే నింద ఎండ మీదికి పోతుంది. 30 డిగ్రీల దగ్గర 60 పీఎస్ఐ కొట్టిన టైరు ఎండలో 60 డిగ్రీలకు వేడెక్కితే ఒత్తిడి 67కు చేరుతుంది. సరిగా కూర్చున్న టైరుకు ఆ ఏడు పీఎస్ఐ లెక్కలోది కాదు. అంచు కింద ట్యూబు ఇరుక్కుని, అంతదాకా ఎలాగో నిలిచిన టైరుకైతే ఆ కాస్త చాలు. నీడన నిలిపిన సైకిలు ఎవరూ ముట్టకుండానే పేలడానికీ కారణం ఇదే: ఇరుక్కున్న ట్యూబు మెల్లమెల్లగా బయటికి జరుగుతూ వస్తుంది. ఎండ కన్నా నిజంగా జంకవలసింది ఘాట్ రోడ్డు దిగేటప్పుడు. రిమ్మును పట్టే బ్రేకులు అదేపనిగా నొక్కి ఉంచితే రిమ్మే కాగిపోతుంది.

పాడైన ట్యూబును చూస్తే కారణం చాలావరకు తెలిసిపోతుంది. బెత్తెడు పొడవున చీలి ఉంటే అంచు లేచి పేలినట్టు. పక్కపక్కనే రెండు చిన్న కోతలుంటే గాలి తక్కువై గుంతలో పడ్డట్టు. రిమ్ము వైపు చిల్లైతే టేపును, రోడ్డు వైపు చిల్లైతే టైరును వెతకాలి. వాల్వు మొదట్లో తెగితే, గాలి తక్కువగా ఉన్న టైరు రిమ్ము మీద జారుతూ ట్యూబును లాగిందని అర్థం. వాల్వు నిటారుగా కాక ఏటవాలుగా నిలబడ్డప్పుడే ఇది పసిగట్టవచ్చు.

ఎంత చక్కగా ఎక్కించినా, పక్కభాగంలో దారాలు తేలిన టైరు ట్యూబును ఆపలేదు. వెనక టైరు త్వరగా అరుగుతుంది గనుక కొత్తది వెనక వేసి, పాతది ముందుకు మార్చే అలవాటు చాలామందికి ఉంది. అది తప్పు. వెనకది పేలితే సైకిలు ఊగుతుంది, ముందుది పేలితే హ్యాండిలు మాట వినదు. ఒక్క టైరే కొన్నప్పుడు దాన్ని ముందు చక్రానికి వేయించండి.