మాస్టోడాన్: మార్పు వచ్చినప్పుడు మాట ఎవరిది?

లక్కడ్‌కోట్ దాటి ఆసిఫాబాద్ వైపు సాగితే రాష్ట్రం మారుతుంది, పద్ధతులు మారుతాయి. మాట మాత్రం తెగదు. మాస్టోడాన్ అనే సామాజిక మాధ్యమం తీరు ఇంచుమించు ఇదే. 2016లో యూజెన్ రోచ్కో ఆరంభించిన దీనికి ఏకైక యజమాని లేడు. వేర్వేరు నిర్వాహకుల సర్వర్లు పరస్పరం సందేశాలు అందించుకుంటాయి. 2019 నవంబరులో న్యాయవాది సంజయ్ హెగ్డే ట్విట్టర్ ఖాతా నిలిపివేతకు నిరసనగా అనేకమంది భారతీయులు ఇందులో చేరారు.

2022లో ‘టూట్’ అనే మీట పేరు ‘పబ్లిష్’ కాగా, పాతవారిలో కొందరు నొచ్చుకున్నారు. అసలు వివాదం ఇతరుల సందేశాన్ని ఉటంకిస్తూ వ్యాఖ్యానించే సదుపాయం గురించి. అది వెక్కిరింపులకు దారితీస్తుందని రోచ్కో ఏళ్ల తరబడి నిరాకరించారు. 2025లో అది వచ్చింది. తన మాటను ఎవరు ఉటంకించవచ్చునో రాసినవారే నిర్ణయించుకొనవచ్చును. సముచితమైన షరతే.

మార్పును ఎప్పుడు స్వీకరించాలన్నది సర్వర్ నిర్వాహకుని ఇష్టం. నచ్చనివారు వేరొక సర్వర్‌కు తరలిపోవచ్చు. అనుచరులు వెంట వస్తారు, పాత రాతలు, ఫొటోలు రావు. వాటిని ముందుగానే దింపుకొని దాచుకొనవలెను.