లారీలో పాటయు, దారియు

దూరప్రయాణము చేయు లారీలో డ్రైవరు కూర్చుండు గది అతనికి రెండవ ఇల్లు. ఎన్నో రాత్రులు అతడక్కడనే గడపును. అందుచేత పాటలు వినిపించు స్టీరియోయు, దారి చూపు నావిగేషన్ తెరయు అతనికి విలాసవస్తువులు కావు. మొదటిది ఒంటరితనమున తోడుండును. రెండవది ఎఱుగని ఊరిలో చేయి పట్టి నడిపించును. కర్మాగారమునుండి వచ్చిన లారీలో ఇవి లేకున్నచో బజారులో కొని అమర్చుకొనవలసినదే. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల ఈ పని తెలిసిన మెకానిక్కులు కలరు. కాని ఏది కొనవలెనో తేల్చుకొనవలసినవాడు లారీ యజమానియే.

వాహనములలో రేడియో అమర్చుట నేటి సంగతి కాదు. 1930లో అమెరికాలో గాల్విన్ సోదరుల సంస్థ మోటారుకార్ల కొఱకు ఒక రేడియోను అమ్మకమునకు తెచ్చెను. దానికి పెట్టిన 'మోటరోలా' అను పేరే పిమ్మట ఆ సంస్థకును పేరైనది. తరువాతి కాలమున జర్మనీలో ఏర్పడిన కొలతను లోకమంతయు అనుసరించెను: వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు. తెర గల యంత్రములకు సాధారణముగా ఎత్తు దీనికి రెట్టింపు కావలెను. డాష్‌బోర్డులోని ఖాళీని స్కేలుతో కొలువకుండ దుకాణమునకు పోవుట వృథా.

కొలతకంటె ముఖ్యమైనది విద్యుత్తు. కార్ల స్టీరియోలు 12 వోల్టులతో పనిచేయును. మన భారీ లారీలలో సాధారణముగా ఉండునది 24 వోల్టులు. పెద్ద డీసెల్ ఇంజనును తిప్పుటకు మిక్కిలి శక్తి కావలెను. వోల్టులు రెట్టింపైనచో అంతే శక్తికి సగము కరెంటు చాలును. అందుకే 12 వోల్టుల బ్యాటరీలు రెంటిని ఒకదాని వెంట ఒకటిగా కలుపుదురు. ఇట్టి లారీలో కారు స్టీరియోను నేరుగా తగిలించినచో అది చెడిపోవును.

దీనికి కొందరు ఒక సులువు చెప్పుదురు. రెండు బ్యాటరీలలో ఒక్కదానినుండి తీగ లాగినచో 12 వోల్టులు దొరకును గదా! దొరకును, పాటయు వినబడును. కాని ఆ బ్యాటరీ ప్రతిదినము తన జోడుకంటె ఎక్కువ ఖర్చగును. వానిని నింపు ఆల్టర్నేటరుకు ఈ భేదము తెలియదు. అది రెంటిని కలిపి ఒక్కటిగానే నింపును. ఖర్చైనది ఎన్నటికిని పూర్తిగా నిండదు. రెండవది మితిమీరి నిండి, అందలి నీరు తఱిగిపోవును. తుదకు రెండును పాడగును. స్టీరియో దగ్గఱ మిగిలిన వందలు బ్యాటరీల దగ్గఱ వేలుగా పోవును. కావున 24 వోల్టులకే తయారైన యంత్రమునైనను కొనవలెను, లేదా 24ను 12గా మార్చు కన్వర్టరునైనను పెట్టవలెను. ఏది పెట్టినను, బ్యాటరీకి దగ్గఱగా ఒక ఫ్యూజు తప్పదు.

పెట్టెపై 'ఒక్కొక్క స్పీకరుకు 50 వాట్లు' అని పెద్ద అక్షరములతో ఉండును. ఎనిమిదవ తరగతి లెక్కతోనే దీనిని పరీక్షింపవచ్చును. నడచుచున్న కారులో లభించునది సుమారు 14 వోల్టులు. ధ్వనితరంగము ఎగిసిపడుచుండుట చేత సగటున పనికివచ్చునది దాదాపు 10 వోల్టులు. పదిని పదితో గుణించి, స్పీకరు నిరోధమైన 4 ఓములతో భాగించినచో వచ్చునది 25 వాట్లు! వేడిగా పోవునది తీసివేసినచో దాదాపు 20 మిగులును. పెద్ద అంకెను చూచి ఎక్కువ ధర పెట్టుట అమాయకత్వమే.

ఇక దారి. జి.పి.యస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచు కాలసంకేతములు పంపుచుండును. కనీసము నాలుగింటి సంకేతములు అందినచో యంత్రము తన తావు తెలిసికొనును. మన దేశపు 'నావిక్' వ్యవస్థకు చెందిన మొదటి ఉపగ్రహమును 2013లో శ్రీహరికోటనుండి ప్రయోగించిరి. ఈ సంకేతములు మిక్కిలి బలహీనములు; ఇనుప కప్పు వానిని ఆపివేయును. కనుక యాంటెన్నాను ముందు అద్దము వెనుక, ఆకాశము కనబడు చోట పెట్టవలెను.

తావు తెలిసినంత మాత్రాన లారీకి దారి తెలిసినట్లు కాదు. అమెరికాలో డర్హం నగరమున ఒక రైలువంతెన క్రింద 11 అడుగుల 8 అంగుళముల ఎత్తే ఉండెడిది. హెచ్చరిక బోర్డులున్నను ఎన్నో లారీల పైకప్పులు అక్కడ చీలిపోయినవి. 2019లో దానిని 12 అడుగుల 4 అంగుళములకు లేపిరి. అయినను అక్కడి పెద్ద లారీలు పదమూడున్నర అడుగులుండును! కార్లకై చేసిన పటము వంతెన ఎత్తు నడుగదు. లారీలకై చేసినది వాహనపు ఎత్తు, బరువు, పొడవు అడిగి, వానికి తగిన దారినే చూపును. అయితే ఆ పటములో మన రోడ్ల వంతెనల ఎత్తులు చేరినవో లేదో కొనకముందే అడిగి తెలిసికొనవలెను. పత్తి బేళ్లు, వరిగడ్డి వేసినపుడు ఎత్తు మాఱును. అప్పుడు డ్రైవరు క్రొత్త కొలతను యంత్రమునకు తెలుపవలెను. తెలుపనిచో అది ఖాళీ లారీకి దారి చెప్పుచునే యుండును.

గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు లారీ రెండు సెకనులలో 33 మీటర్లు దాటును. తెరవైపు చూచునంతసేపు డ్రైవరు అంత దూరము గ్రుడ్డిగా పోయినట్లే. అందుచేత మలుపును అతనికి వచ్చిన భాషలో, పాటను తగ్గించి, ముందుగా పలికి చెప్పు యంత్రమును ఎన్నుకొనవలెను. ఆ పలుకు తెలియునో లేదో చూచుటకు నిశ్శబ్దమైన దుకాణము తగదు. ఇంజను నడుచుచుండగా, అద్దములు దించి విని చూడవలెను.