భిలాయి తారు, అథబాస్కా ఇసుక

సోవియట్ సహకారముతో నిర్మితమైన భిలాయి ఉక్కు కర్మాగారమున మొదటి బ్లాస్ట్ ఫర్నేసును రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు 1959 ఫిబ్రవరి 4వ తేదీన ప్రారంభించిన సంగతి అచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములలో పలువురికి తెలిసినదే. కాని ఆ ఫర్నేసునకు ఆహారమైన కోకును వండు కోక్ ఓవెన్లను గూర్చియు, వానిలో పుట్టు తారును గూర్చియు మాటలాడువారు అరుదు. నా దృష్టిలో ఆ కర్మాగారమున మిక్కిలి ఆశ్చర్యకరమైన రసాయనశాల అదియే.

గాలి సోకకుండ మూసిన సన్నని గదులలో బొగ్గును వేయి డిగ్రీలకు పైబడిన వేడిలో పదునాఱు పదునెనిమిది గంటలు ఉంచినపుడు, ఘనభాగము కోకుగా మిగులగా, పైకెగయు వాయువుపై అమ్మోనియా కలసిన నీటిని చిమ్మి చల్లార్తురు. తారు ద్రవమై, నీటికంటె బరువైనదగుటచే అడుగునకు దిగును. టన్ను బొగ్గునకు వచ్చు తారు ముప్పది కిలోల ప్రాంతము మాత్రమే. ఐనను దానిని స్వేదనము చేయగా నాఫ్తలీను మొదలు, అల్యూమినియం కర్మాగారములకు వలయు పిచ్ వఱకు ఎన్నియో వస్తువులు లభించును. అమ్మోనియా గంధకామ్లముతో కలసి పొలములకు ఎరువగును.

ఇట్టి నల్లని జిగురే కెనడాలోని అల్బర్టా రాష్ట్రమున, అథబాస్కా నదీతీరమున, ఇసుకరేణువులను అంటిపెట్టుకొని అపారముగా ఉన్నది. బిటుమెను అనబడు ఆ జిగురు ఇసుకలో సగటున నూటికి పది పండ్రెండు పాళ్లు మాత్రమే. 1920ల దశకమున కార్ల్ క్లార్కు అను శాస్త్రజ్ఞుడు ఇసుకను వేడినీటితోను కాస్టిక్ సోడాతోను కలియబెట్టి, బిటుమెను గాలిబుడగల నాశ్రయించి పాలపై మీగడవలె తేలునట్లు చేసెను. భిలాయిలో మునుగునది అచ్చట తేలుచున్నది! అయినను ఆ పద్ధతి పెద్ద పరిశ్రమగా నిలద్రొక్కుకొనుటకు 1967 వఱకు వేచియుండవలసి వచ్చెను. పీపా నూనెకు దాదాపు రెండు టన్నుల ఇసుక త్రవ్వవలెను. త్రవ్వరాని లోతులలో ఆవిరిని పంపి కరగించు విధానమును రోజర్ బట్లర్ అను ఇంజనీరు తరువాత రూపొందించెను.

తేలిన బిటుమెను నేరుగా ఇంధనము కాదు. దానిని 480–500 డిగ్రీల వేడిలో విడగొట్టవలెను. అపుడు తేలికనూనెలు పైకి వచ్చి, అడుగున కోకు మిగులును. భిలాయివారు కోకు కోరగా తారు లభించినది. అల్బర్టావారు నూనె కోరగా కోకు మిగిలినది. అయితే ఆ కోకులో గంధకము మెండగుటచే ఉక్కు పరిశ్రమకు పనికిరాక గుట్టలుగా పేరుకొనుచున్నది.

అంతకంటె కఠినమైనది నీటి సమస్య. ఇసుక కడిగిన నీటిలోని సన్నని మట్టి ఏండ్ల తరబడి అడుగునకు దిగదు. 2008లో ఆ నీటిని నిలువచేసిన ఒక చెరువుపై వాలిన 1,600 పైచిలుకు బాతులు మరణించెను. కోక్ ఓవెన్ల వ్యర్థజలములోను ఫినాలు, సయనైడు ఉండును. వానిని సూక్ష్మజీవులచే విచ్ఛిన్నము చేయించినగాని ఆ నీటిని విడువరాదు.

మనుష్యుల మాట ఇంకను ముఖ్యము. 2018 అక్టోబరు 9న భిలాయి కోక్ ఓవెన్ల ప్రాంతమున గ్యాసు గొట్టము ప్రేలి పదిమందికి పైగా కార్మికులు ప్రాణములు కోల్పోయిరి. నిత్యము తలుపు సందులనుండి వెలువడు పొగయో, క్యాన్సరు కారకమని నిర్ధారితమైనది. అందుచేతనే నేటి ఓవెన్లలో బొగ్గు పోయునపుడు అధికపీడన జలధారలతో ఆ పొగను గొట్టములలోనికి లాగుచు, తలుపుల అంచులను నిత్యము తుడిచి బిగించుచున్నారు.