జడ వేసుకోవడమే బరువైతే...



పీటమీంచి చెయ్యి ఆన్చకుండా లేవలేకపోవడం, జడ వేసుకుంటుంటే చేతులు వాలిపోవడం, నాలుగు మెట్లెక్కితే తొడలు మొరాయించడం. మా పెనుబల్లి వైపు చేలో పనిచేసేవాళ్ళు దీన్ని పని అలసట అనుకుంటారు. పట్నంలో వయసనుకుంటాం. కోడలైతే బద్ధకమంటాం! కాని అలసట విశ్రాంతితో తీరుతుంది. నొప్పి కంటే బలహీనత ఎక్కువై, రెండు పక్కలా వారాల తరబడి పెరుగుతూ ఉంటే అది కండరాల వాపు జబ్బు, అంటే మయోసైటిస్, కావచ్చు. 2022 అక్టోబరులో సినీనటి సమంత తనకు ఈ జబ్బుందని చెప్పాక మనలో చాలామంది ఈ పేరు విన్నాం. అరుదైనదే గాని, మగవారికంటే ఆడవారిలో ఎక్కువ.

రక్తంలోని తెల్లకణాలు మన ఒంటికి కాపలావాళ్ళు. ఈ జబ్బులో వాళ్ళే ఇంటివాళ్ళను దొంగలనుకుని కొడతారు. భుజాల, తొడల కండలు దెబ్బతింటాయి. కొందరికి కనురెప్పలమీద ఊదారంగు, వేళ్ళ కణుపులమీద ఎర్రటి దద్దు కూడా వస్తాయి.

పోయిన కండ మళ్ళీ వస్తుందా? వస్తుంది. రైతు విత్తనాలు దాచినట్టు, కండపోగులను అంటిపెట్టుకుని కొన్ని కణాలు నిద్రపోతుంటాయి. 1961లో అలెగ్జాండర్ మారో అనే శాస్త్రజ్ఞుడు వీటిని గుర్తించి శాటిలైట్ కణాలన్నాడు. పోగు చెడితే అవి మేలుకుని కొత్తది కడతాయి. వాపు నాలుగు రోజులుండి చెత్త ఊడ్చిపోతే ఈ పనికి మేలే. ఆగకుండా రగిలితే మాత్రం మొలక నిలవదు. కండ ఉండాల్సిన చోట కొవ్వు, నార చేరతాయి. ఆ తరవాత బలం తిరిగిరావడం కష్టం. అందుకే ఆలస్యం పనికిరాదు.

ముందుగా సి.కె. అనే రక్తపరీక్ష చేస్తారు. అవసరమైతే చిన్న కండముక్క తీసి చూస్తారు. మావైపు వాళ్ళు ఖమ్మం వెళ్ళి చూపించుకోవచ్చు. హైదరాబాదు నిమ్స్‌లో ఇలాంటి జబ్బులకు రుమటాలజీ విభాగమే ఉంది. కొలెస్టరాల్ మాత్రలు వాడుతుంటే ఆ సంగతి డాక్టరుగారికి తప్పక చెప్పండి. కొందరికి వాటివల్లా కండలు చెడతాయి.

స్టెరాయిడ్ మందులు వాపును అణుస్తాయి. మొహం ఉబ్బిందనో, కాస్త నయమైందనో వాటిని ఉన్నపళాన మానకండి, అది ప్రమాదం. డాక్టరుగారే మెల్లగా తగ్గిస్తారు. ఒకప్పుడు ఈ రోగులను కదలవద్దనేవారు. ఇప్పుడు చెప్పిన మేరకు వ్యాయామం చేస్తే కండకు బలమని తేలింది. మింగడం కష్టమైనా, ఆయాసం వచ్చినా ఆ రోజే ఆస్పత్రికి వెళ్ళాలి.

ఇంట్లో ఎవరైనా గోడ పట్టుకుని లేస్తుంటే, మాట అనేముందు ఒకసారి డాక్టరుగారికి చూపించండమ్మా. సెలవు.