కంప్యూటరులో కంప్యూటరు

అద్దె ఇంట్లో దిగేముందు కుళాయి తిప్పి చూస్తాము, గోడకు చెమ్మ ఉందేమోనని తడిమి చూస్తాము. అయినా నాలుగు రోజులు కాపురం ఉంటేగాని అసలు లోపాలు బయటపడవు. పాత ఇల్లు ఖాళీ చెయ్యకుండానే కొత్త ఇంట్లో కాపురం చేసి చూసే వీలు మనుషులకు లేదు గాని, కంప్యూటర్లకు ఉందిట.

మా ఇంట్లో ఉన్నది 2016లో కొన్న లాప్‌టాప్. విండోస్ 10తో నడుస్తోంది. దానికి మామూలుగా, ఉచితంగా వచ్చే మరమ్మతులు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. విండోస్ 11 పెట్టాలంటే టి.పి.యం. 2.0 అనే భద్రతా ఏర్పాటూ, కాస్త కొత్త తరం ప్రాసెసరూ కావాలి. మాదానికి ఆ యోగం లేదు. అల్లాగని ఇన్నేళ్లు ఇంట్లో మనిషిలా మసలినదాన్ని పాత సామాన్లవాడికి ఇచ్చెయ్యడానికి మనసొప్పలేదు.

హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి ఫోను చేస్తే, "లినక్స్ మింట్ వేసుకోండి నాన్నగారూ, పైసా కట్టక్కర్లేదు" అన్నాడు. ఫిన్లండులో చదువుకుంటున్న లైనస్ టోర్వాల్డ్స్ 1991లో మొదలుపెట్టిన లినక్స్ ఆధారంగా, 2006లో పుట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ అది.

"పాతది తుడిచేశాక కొత్తది నచ్చకపోతే ఏం చేస్తారు?" అని అడ్డు తగిలింది మా ఆవిడ.

"అమ్మ అడిగింది న్యాయమే. ముందు వర్చువల్ మెషీన్‌లో చూడండి" అన్నాడు వాడు.

వర్చువల్ మెషీన్ అంటే ఉత్తుత్తి కంప్యూటరు. వర్చువల్‌బాక్స్ అనే ప్రోగ్రాము మన కంప్యూటరు శక్తిలో కొంత వాటా తీసి, ఒక కిటికీలో ఇంకో కంప్యూటరు ఉన్నట్టు నటిస్తుంది. ఇదేం నిన్నా మొన్నటి విద్య కాదు. ఐ.బి.యం. వారు 1972లోనే వి.యం./370 అనే దానితో ఒక్క పెద్ద యంత్రాన్ని అనేక యంత్రాలుగా చూపించారు.

మా లాప్‌టాప్‌కు ఉన్న ఎనిమిది జి.బి. జ్ఞాపకశక్తిలో నాలుగు, డిస్కులో పాతిక జి.బి. చోటు ఇచ్చి మొదలుపెట్టాను. కాస్సేపటికి తెర మీద ఒక ప్రశ్న వచ్చింది: డిస్కంతా తుడిచేసి లినక్స్ మింట్ పెట్టమంటావా? నాకు ముచ్చెమటలు పోశాయి. మా పెద్దమ్మాయి పెళ్లి ఫోటోలన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. మళ్లీ ఫోను. "అది చూసేది అసలు డిస్కు కాదు నాన్నగారూ. మీరు ఇచ్చిన పాతిక జి.బి. ఫైలునే డిస్కు అనుకుంటోంది. భయంలేదు, నొక్కండి." నొక్కాను. మా ఆవిడ మాత్రం పక్కగదిలోకి వెళ్లి కూర్చుంది.

కొత్త ఇల్లు బాగానే ఉంది. ఒకసారి తెరంతా ఆక్రమించేటట్టు చేసి, తిరిగి రావడం తెలియక అరగంట తిరిగాను. కుడివైపు కంట్రోల్ మీటతో ఎఫ్ నొక్కితే చాలుట. ఇంకోసారి కింది పట్టీనే మాయం చేశాను. ముందుగా తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్‌తో గంట కిందటి స్థితికి పోయి బయటపడ్డాను. నిజజీవితంలో ఇల్లాంటిది ఒకటి ఉంటే ఎంత బాగుండునో!

అసలు దెబ్బ మూడోనాడు తగిలింది.

మా నాన్నగారు దివిసీమలో బడిపంతులు. రిటైరయ్యాక రాసుకున్న జ్ఞాపకాలను 2003లో ఒక డి.టి.పి. షాపులో టైపు చేయించాము. అచ్చు వేయిద్దామనుకుంటూండగానే ఆయన వెళ్లిపోయారు. రాతప్రతిని చెదలు తినేశాయి. మిగిలింది ఆ ఫైలు ఒక్కటే. దాన్ని పెన్‌డ్రైవులో కూడా దాచానని నా ధీమా. కొత్త సిస్టమ్‌లో దాన్ని తెరిస్తే ఒక్క తెలుగక్షరం లేదు! తలమీద చుక్కలూ కొమ్ములూ మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు, నూట నలభై పేజీల నిండా.

విషయమేమిటంటే, యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటిచ్చినా, ఆ రోజుల్లో డి.టి.పి. షాపుల్లో వాడుక వేరు. ఇంగ్లీషు అక్షరాలకే తెలుగు వేషం కట్టేవారు. ఆ వేషాల పెట్టె పేరే ఫాంటు. పెట్టె లేకపోతే పాత్రలు అసలు మొహాలతో రంగం మీదికి వస్తాయి. ఆ ఫాంటు ఉన్నది మా పాత విండోస్‌లో మాత్రమే. షాపు ఎత్తేసి చాలా ఏళ్లయింది. ఉత్సాహపడి ముందే డిస్కు తుడిచి ఉంటే ఆ పెట్టె కాస్తా గంగలో కలిసేది.

రెండు కంప్యూటర్లకూ ఉమ్మడి ఫోల్డరు ఒకటి పెట్టి, విండోస్ నుంచి ఫాంటు ఇవతలికి తెచ్చి వేశాను. ఫైలు మళ్లీ తెరిస్తే నాన్నగారి మాటలు వరసగా నిలబడ్డాయి. వెంటనే పి.డి.ఎఫ్.గా మార్చాను, అందులో ఫాంటు కూడా ఇమిడిపోతుందిట. మా ఆవిడ నా భుజం మీదుగా మొదటి పేజీ చదివి, ఏమీ అనకుండా కుర్చీ దగ్గరికి జరుపుకుంది.

ఈ ఉత్తుత్తి కంప్యూటరు అన్నీ చెప్పదు. మాకున్న వైఫై భాగం కొత్త సిస్టమ్‌తో కలిసివస్తుందో రాదో దీనివల్ల తేలదు. దానికి కనిపించేది వర్చువల్‌బాక్స్ చూపించిన బొమ్మ పరికరమే. వేగమూ అంతే, ఇక్కడి నత్తనడక చూసి లినక్స్‌ను తిట్టుకోరాదు. ఆ రెండూ తేలాలంటే పెన్‌డ్రైవు నుంచి నేరుగా నడిపి చూడాలి. ఆ పని ఇంకా చెయ్యలేదు.

ఎందుకంటే ప్రస్తుతం కంప్యూటరు నా చేతిలో లేదు. నాన్నగారి పుస్తకాన్ని యూనికోడ్‌లో తిరిగి టైపు చేస్తానని మా ఆవిడ కూర్చుంది. ఇన్‌స్క్రిప్టు మీటల్లో అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి, హల్లులు కుడిచేతికి అని తెలిశాక పని సాగుతోంది. రోజుకు రెండు పేజీలు. నిన్నటికి 1977 నవంబరు ఉప్పెన దాకా వచ్చింది. ఆ అధ్యాయం అయ్యేదాకా విండోస్ జోలికి వెళ్లవద్దని ఆవిడ ఆజ్ఞ, అందాకా లాప్‌టాప్‌కు ఇంటర్నెట్టు కలపవద్దని అబ్బాయి ఆజ్ఞ.